పాత పికప్ ట్రక్కుకు చిన్న స్టీరింగ్ వీల్ బిగించడం ఎలా

1950ల నుంచి 70ల దాకా వచ్చిన పికప్ ట్రక్కుల్లో స్టీరింగ్ వీల్ వ్యాసం చాలావరకు 16 నుంచి 18 అంగుళాలు ఉంటుంది. అది తొడలకు ఆనుతుంది, ఎక్కి దిగేటప్పుడు అడ్డం వస్తుంది. ఏళ్ళు గడిచాక అంచు పగిలి అరచేతికి గుచ్చుకుంటుంది కూడా. 15 అంగుళాలదో 14దో వేసుకుందామని అనిపించడం సహజమే. ఒక పూటలో అయిపోయే పని. అయితే ఆ పెద్ద సైజు అందం కోసం పెట్టింది కాదు. పవర్ స్టీరింగ్ లేని బండిని నిలబడ్డ చోటే తిప్పాలంటే చేతులకు దొరికే సాయమంతా ఆ వ్యాసంలోనే ఉంది. కాబట్టి వీల్ కొనే ముందు టేపు పట్టుకుని కాసేపు బండి దగ్గర కూర్చోండి.

ముందే ఒక మాట. మీ ట్రక్కుకు ఎవరైనా తర్వాతి కాలపు స్టీరింగ్ కాలమ్ (వీల్ నుంచి కిందికి దిగే గొట్టం, దాని లోపల తిరిగేది షాఫ్టు) వేసి, అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. దాని జోలికి వెళ్ళకండి. అలాగే స్టీరింగ్ మార్పుల మీద మీరుండే చోట నిబంధనలేమిటో, బీమా వాళ్ళకు చెప్పాలో లేదో ముందే కనుక్కోండి.

ఎంత చిన్నది వేయొచ్చు?

లెక్క సులువు. వ్యాసం ఎంత తగ్గితే చేతి బలం ఆ నిష్పత్తిలో పెరగాలి. 17 అంగుళాల వీల్ తీసి 15 వేస్తే దాదాపు 13 శాతం ఎక్కువ బలం కావాలి. 14 వేస్తే 21 శాతం, పదమూడున్నర వేస్తే 26 శాతం. కాగితం మీద ఇవి చిన్న అంకెల్లా కనిపిస్తాయి. పార్కింగులో మూడోసారి వెనక్కీ ముందుకూ తిప్పేటప్పుడు అసలు సంగతి భుజాలకు తెలుస్తుంది.

ఊహించడం మాని కొలవండి. కొక్కెం ఉన్న స్ప్రింగ్ త్రాసు గానీ, సామాన్ల బరువు చూసే డిజిటల్ త్రాసు గానీ చాలు. బండిని పొడి సిమెంటు నేల మీద నిలిపి, ముందు టైర్లలో గాలి సరిచూసి, వీల్ అంచుకు తాడు రెండు చుట్లు చుట్టి కట్టండి. ఇంజను ఆపి (పవర్ స్టీరింగ్ ఉంటే మాత్రం ఇంజను ఆన్ చేసి), తాడును అంచుకు సమంగా లాగుతూ త్రాసు చూడండి. వీల్ కదిలేటప్పుడు త్రాసు 12 కిలోలు చూపించిందనుకోండి. 15 అంగుళాల వీల్‌తో అది 13.6 అవుతుంది, 14తో 14.6, పదమూడున్నరతో 15.1. పాత వీల్‌తోనే తిప్పడానికి ఒళ్ళు వంచాల్సి వస్తుంటే 15 దగ్గర ఆగిపోవడం మంచిది. మాన్యువల్ స్టీరింగ్ ఉన్న ట్రక్కుకు మా ఓటు 15కే. పవర్ స్టీరింగ్ ఉంటే 14 హాయిగా నడుస్తుంది. అంతకన్నా చిన్నది వేస్తే వేగంలో బండి ఊరికే అటూ ఇటూ జరుగుతుంది. పాత పవర్ స్టీరింగులు అసలే మరీ తేలిక. చెయ్యి కొద్దిగా కదిలినా చిన్న వీల్ ఎక్కువ కోణం తిరుగుతుంది, దాంతో బండి ఉలిక్కిపడుతుంది.

త్రాసు అంకె మరీ ఎక్కువగా ఉంటే తప్పు వ్యాసానిది కాకపోవచ్చు. గాలి తక్కువైన టైర్లు, అవసరానికి మించి వెడల్పైన టైర్లు, ఏళ్ళ తరబడి గ్రీజు చూడని కింగ్ పిన్నులూ బాల్ జాయింట్లూ స్టీరింగ్‌ను బరువు చేస్తాయి. కింగ్ పిన్నుకు గ్రీజు కొట్టేటప్పుడు ముందు భాగం జాకీ మీద లేపి, టైర్లు గాల్లో ఉండగా కొట్టండి. బరువు మోసే బేరింగ్ ముఖాల మధ్యకు గ్రీజు అప్పుడే దూరుతుంది. స్టీరింగ్ బాక్సులో (షాఫ్టు తిప్పుడును చక్రాలకు చేర్చే గేరు పెట్టె) నూనె ఉందో లేదో చూడండి. బాక్సులో ఆట (చక్రాలు కదలకుండానే వీల్ అటూ ఇటూ ఊగే వదులు) పోగొట్టాలని ఎవరైనా పైనున్న సర్దుబాటు మరను అతిగా బిగించి ఉంటే, వీల్ సరిగ్గా మధ్యలో బరువెక్కి, మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు. ఈ పనులన్నీ చేసి మళ్ళీ కొలవండి. కొన్ని బండ్లలో తేడా ఎంత ఉంటుందంటే, ఆ తర్వాత 14 అంగుళాల వీల్ గురించి కూడా ధైర్యంగా ఆలోచించొచ్చు.

ఆట విషయంలో ఒక జాగ్రత్త. పాత వీల్ అంచు దగ్గర 2 అంగుళాల ఆట ఉంటే, కొత్త 15 అంగుళాల వీల్ మీద అది 1.75 అంగుళాలుగా కనిపిస్తుంది. ఆట తగ్గలేదు, కోణం అదే. చిన్న వీల్ వేశాక బండి బిగువుగా ఉందనిపించినా నమ్మకండి.

అట్ట ముక్కతో పరీక్ష

గట్టి అట్ట తీసుకుని 15, 14 అంగుళాల వలయాలు రెండు కోసుకోండి. అంచు మందం ఒక అంగుళం ఉంచండి. మధ్యలో అడ్డంగా ఒక పట్టీ వదిలి, ఆ పట్టీని పాత వీల్ చువ్వలకు టేపుతో అంటించండి. మామూలుగా కూర్చునే సీటులో కూర్చుని మూడు సంగతులు చూడండి.

మొదటిది మీటర్లు. పెద్ద వీల్ అంచు మీటర్ల పైనుంచి పోతుంది. చిన్న దాని అంచు సరిగ్గా స్పీడోమీటరు సూది మీదో ఇంధనం గడియారం మీదో పడొచ్చు. అలా పడితే మీటర్లు కప్పని సైజు ఎంచుకోవాలి, లేదా సీటు ఎత్తు మార్చాలి. రెండోది తొడల దగ్గర ఖాళీ. 17 నుంచి 15కు దిగితే కింద దొరికేది ఒక్క అంగుళమే, ఎందుకంటే తగ్గిన రెండు అంగుళాలు పైకీ కిందికీ చెరిసగం పోతాయి. ఎక్కువ చోటు కావాలనుకునేవాళ్ళు చాలాసార్లు ఈ లెక్క మరిచిపోతారు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మీటలు. కాలమ్ మీదే గేర్ మీట ఉన్న ట్రక్కుల్లో ఆ మీటకూ వీల్ అంచుకూ మధ్య వేళ్ళు దూరాలి. కనీసం రెండు అంగుళాలు ఉండాలి. ప్రతి గేరులోనూ మీటను ఉంచి చూడండి, న్యూట్రల్‌లో ఒక్కసారి చూసి ఊరుకోవద్దు. ఇండికేటర్ మీట పొడవు పెద్ద వీల్‌కు తగ్గట్టు చేసింది, చిన్న వీల్ పక్కన అది బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని భరించొచ్చు. గేర్ మీట తగలడం మాత్రం భరించరానిది.

వీల్ లోతు కూడా ఇక్కడే తేల్చుకోండి. లోపలికి గిన్నెలా వంగిన వీల్ అంచు డ్రైవరు వైపు దగ్గరవుతుంది, చదునైనది దూరంగా ఉంటుంది. భుజాలు సీటుకు ఆనించి చేతులు చాపితే మణికట్టు వీల్ పైఅంచు మీద పడాలి. పాత ట్రక్కుల కాలమ్ అసలే డ్రైవరు మీదికి వస్తుంది కనుక, మరీ పొడవైన హబ్ (వీల్‌ను షాఫ్టుకు కలిపే ముక్క) కొనకండి. తీసిపెట్టే క్విక్ రిలీజ్ భాగాన్ని చాలామంది సరదాకి కలుపుతారు. అది పొడవు పెంచుతుంది, వదులయ్యే మరో కీలు కూడా చేరుతుంది. రోజూ తిరిగే ట్రక్కుకు అది అక్కర్లేదు.

హబ్ ఎంపిక: ట్రక్కును చూసి కాదు, కాలమ్‌ను చూసి

కొత్త వీల్ నేరుగా షాఫ్టు మీద కూర్చోదు. మధ్యలో హబ్ అడాప్టర్ ఉండాలి. దాని ఒక వైపు మీ షాఫ్టు పళ్ళకు, మరో వైపు కొత్త వీల్ బోల్టు రంధ్రాలకు సరిపోవాలి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. 1967–72 షెవ్రొలే సీ10 ట్రక్కు అనో, ఫోర్డ్ ఎఫ్-100 అనో చూసి హబ్ తెప్పిస్తారు. తీరా చూస్తే ఆ బండికి ఎప్పుడో ఎవరో వేరే కాలమ్ వేసి ఉంటారు. జీఎం (షెవ్రొలే తయారుచేసే జనరల్ మోటార్స్) పికప్పులకు 1973 నుంచి ఇగ్నిషన్ తాళం కాలమ్ మీదికి వచ్చింది, అంతకుముందు డ్యాష్‌బోర్డులో ఉండేది. 1968 ట్రక్కు కాలమ్ మీద తాళం కనిపిస్తే, అది ఆ బండితో పుట్టిన కాలమ్ కాదన్నమాట.

పాత వీల్ తీశాకే హబ్ కొనండి. తీశాక షాఫ్టు చివర వ్యాసం కాలిపర్‌తో కొలవండి. పళ్ళు లెక్కపెట్టండి, ఒక పన్ను మీద మార్కరుతో చుక్క పెట్టుకుంటే లెక్క తప్పదు. 1969 నుంచి 1994 దాకా వచ్చిన జీఎం కాలమ్‌లలో చాలావాటికి 36 పళ్ళు. షాఫ్టు తిన్నగా ఉందా, కొసకు సన్నబడిందా చూడండి. నట్టు మర సైజు రాసుకోండి. అన్నీ కలిపి ఫోటో తీసి, హబ్ అమ్మేవాళ్ళ పట్టికతో పోల్చండి.

వీల్ వైపు బోల్టు అమరిక గురించి కూడా తెలుసుకోవాలి. మోమో, స్పార్కో లాంటి కంపెనీల వీల్‌లకు 70 మిల్లీమీటర్ల వృత్తం మీద 6 రంధ్రాలు. నార్డి కంపెనీ వీల్‌కు 74 మిల్లీమీటర్ల మీద 6. కంటికి రెండూ ఒకటేలా కనిపిస్తాయి, కానీ ఒకదాని బోల్టు మరొకదానిలో పట్టదు. రంధ్రాన్ని రుద్ది సాగదీసి పట్టించే పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. అమెరికా కంపెనీల వీల్‌లకు 3, 5, 9 రంధ్రాల అమరికలు కూడా ఉన్నాయి. వీల్, హబ్, హారన్ బటన్ మూడూ ఒకే అమరికవి తీసుకుంటే తలనొప్పి ఉండదు.

గుద్దుకున్నప్పుడు నలిగి కుదించుకునే గోడలున్న ఉక్కు హబ్ దొరికితే అదే కొనండి. పాత ట్రక్కుల్లో ఛాతీకీ కాలమ్‌కూ మధ్య ఉన్నది ఆ హబ్ ఒక్కటే. గట్టి అల్యూమినియం దిమ్మె చూడ్డానికి బాగుంటుంది కానీ నలగదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

రెండు బోల్టుల స్టీరింగ్ పుల్లర్, నట్టుకు సరిపోయే లోతైన సాకెట్, పొడవాటి హ్యాండిల్, టార్క్ రెంచ్, తుప్పు వదిలించే నూనె, అల్లెన్ కీలు, మల్టీమీటర్ లేదా టెస్ట్ ల్యాంప్, పెయింట్ మార్కర్, నీలం రంగు మర జిగురు, ఇత్తడి బ్రష్, తెల్ల లిథియం గ్రీజు. పుల్లర్ సెట్టులో 5/16-18, 5/16-24, 3/8-16 బోల్టులు ఉండేలా చూసుకోండి, పాత అమెరికా వీల్‌లకు ఎక్కువగా వీటిలో ఒకటి సరిపోతుంది. దాదాపు సరిపోయింది కదా అని తప్పు మర బోల్టును బలవంతంగా తిప్పితే వీల్ బాస్‌లోని (వీల్ మధ్యనున్న మందమైన భాగం) మర ఊడి చేతికొస్తుంది. ఆ తర్వాత పుల్లర్ పట్టడానికి చోటు మిగలదు.

పాత వీల్ తీయడం

1. బండిని సమతలం మీద ఆపి, ముందు టైర్లు నేరుగా ఉండేలా కాస్త ముందుకు నడిపి నిలపండి. టైర్లు నేరుగా ఉన్నాయో లేదో స్టీరింగ్ చూసి కాక టైర్లు చూసి తేల్చండి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి, లేకపోతే పని పొడుగునా హారన్ మోగుతూనే ఉంటుంది.

2. హారన్ మూత తీయండి. కొన్ని నొక్కి పావు మలుపు తిప్పితే వస్తాయి, కొన్నింటికి వీల్ వెనక మరలుంటాయి, కొన్ని ఊరికే పైకి లాగితే ఊడతాయి. లోపల గిన్నె, స్ప్రింగు, ప్లాస్టిక్ బుష్షులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక్కోటి తీస్తూ ఫోటో తీయండి, తీసిన వరసలోనే గుడ్డ మీద పరచండి.

3. షాఫ్టు కొసన సాధారణంగా ఒక గీత లేదా గాడి ఉంటుంది. దానికి ఎదురుగా వీల్ బాస్ మీద పెయింట్ గుర్తు పెట్టండి. గీత లేకపోతే రెండింటి మీదుగా ఒక గీత మీరే గీయండి. పాత వీల్ అప్పటికే వంకరగా కూర్చుని ఉంటే, ఆ వంకర ఎంతో కూడా రాసుకోండి.

4. నట్టు వదులు చేయండి. కొన్నింట నట్టు మీద లాక్ క్లిప్పు ఉంటుంది, ముందు అది తీయాలి. బలం పెట్టేటప్పుడు స్టీరింగ్ తాళం మీద ఆనించి తిప్పకండి, తాళం పిన్ను విరుగుతుంది. ఇంకొకరు అంచు పట్టుకుని ఆపాలి. నట్టు వదులయ్యాక పూర్తిగా తీయొద్దు, రెండు మూడు మరలు మిగిలేలా షాఫ్టు మీదే ఉంచండి.

5. పుల్లర్ బోల్టులు వీల్ బాస్‌లోని రెండు మర రంధ్రాల్లో సమానంగా ఎక్కించండి. కనీసం ఆరేడు మరలు లోపలికి పోవాలి, అలాగని బాస్ దాటి కిందికి దిగి ఇండికేటర్ స్విచ్చిని గుచ్చకూడదు. మధ్య బోల్టు కొస షాఫ్టు మధ్యలో నిలిచేలా చూసి నెమ్మదిగా బిగించండి. వీల్ ఒక్కసారిగా టప్పున వదులుతుంది. ముందు నట్టును మరల మీద ఉంచమన్నది ఇందుకే. అది లేకపోతే వీల్ నేరుగా ముఖం మీదికొస్తుంది.

కదలకపోతే పళ్ళ మీద తుప్పు నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు పుల్లర్ బిగువు మీద ఉండగా మధ్య బోల్టు తల మీద చిన్నగా తట్టొచ్చు. అంతకుమించి సుత్తి వాడకండి. వీల్ వెనక నుంచి కొట్టడం, షాఫ్టు కొస మీద కొట్టడం రెండూ తప్పే. గుద్దినప్పుడు కుదించుకునే కాలమ్‌లలో షాఫ్టు, జాకెట్ ముక్కలను ప్లాస్టిక్ పిన్నులే పట్టి ఉంచుతాయి. రెండు గట్టి దెబ్బలకు అవి తెగి కాలమ్ పొట్టిదైపోతుంది. అంతకన్నా పాత ట్రక్కుల్లో షాఫ్టు నేరుగా స్టీరింగ్ బాక్సులోకే దిగుతుంది. ఆ దెబ్బ బాక్సులోని బేరింగుల మీద పడి, గోళీలు తిరిగే దారుల్లో గుంటలు పడతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ గుంటలు చేతికి తెలుస్తాయి.

వీల్ వచ్చాక షాఫ్టు పళ్ళను ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి, కింద ఏమున్నాయో చూడండి. ఇండికేటర్‌ను తిరిగి ఆపే ప్లాస్టిక్ క్యామ్, దానికింద స్ప్రింగు కనిపిస్తాయి. కాలమ్ తాళం ఉన్న బండిలో ఇంకా కింద స్ప్రింగు ఒత్తిడిలో ఉన్న లాక్ ప్లేటు ఉంటుంది. వీల్ మార్చడానికి దాన్ని కదపక్కర్లేదు.

స్టీరింగ్ బాక్సు మధ్య ఎక్కడ?

వీల్ లేని ఈ సమయాన్ని వాడుకోండి. పాత వీల్‌ను నట్టు లేకుండా పళ్ళ మీద వదులుగా పెట్టి, ముందు టైర్లు జాకీ స్టాండ్ల మీద గాల్లో ఉండగా ఒక చివర నుంచి మరో చివరకు తిప్పుతూ మలుపులు లెక్కపెట్టండి. మొత్తంలో సగం దగ్గర ఆపండి. మొత్తం ఐదు మలుపులు వస్తే రెండున్నర దగ్గర. స్టీరింగ్ బాక్సుకు బిగువైన చోటు అదే. రోడ్డు మీద నేరుగా పోయేటప్పుడు బాక్సు ఆ బిందువు మీదే ఉండాలి. అక్కడ టైర్లు నేరుగా లేకపోతే తప్పు కింద టై రాడ్లలో (ముందు చక్రాలను స్టీరింగ్‌కు కలిపే కడ్డీలు) ఉంది, వీల్‌లో కాదు.

దీన్ని వీల్‌ను ఒక పన్ను జరిపి సరిచేద్దామని చూస్తారు. 36 పళ్ళ షాఫ్టులో ఒక్కో పన్ను 10 డిగ్రీలు. వీల్‌ను హబ్ మీద 6 రంధ్రాల్లో ఒక రంధ్రం జరిపితే 60 డిగ్రీలు. రెండూ కలిపినా 10 డిగ్రీల కన్నా సన్నగా సర్దలేం. పైగా హబ్ జరిగితే ఇండికేటర్ క్యామ్ కూడా జరిగి, ఒక వైపు మలుపులో ఇండికేటర్ తొందరగా, మరో వైపు ఆలస్యంగా ఆగుతుంది. సరైన దారి టై రాడ్ పొడవు సర్దే స్లీవులు. ముందు చక్రాలు దేనికది విడివిడిగా లేచే బండిలో రెండు స్లీవుల క్లాంపులూ వదులు చేసి, ఒకటి ఎంత పొడుగు చేస్తే రెండోది అంతే పొట్టి చేయండి. అప్పుడు టైర్ల మధ్య టో కొలత (ముందు టైర్ల ముందంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చెప్పేది) మారదు. ఒకే ఇనుప ఇరుసు ఉన్న బండిలో డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సును చక్రం వైపుకు కలిపే కడ్డీ) పొడవు సర్దితే చాలు. పని ముందూ తర్వాతా టో కొలవడం మరవకండి.

హబ్ కూర్చోబెట్టడం

హబ్‌ను ముందు నట్టు లేకుండా పొడిగా తొడిగి చూడండి. చేత్తో నొక్కితే పళ్ళలోకి నిటారుగా దిగాలి. సగంలో పట్టేస్తే నట్టుతో లాగి కూర్చోబెట్టొద్దు. పళ్ళ లెక్క తేడా ఉండొచ్చు, లేదా ఒక పన్ను వంగి ఉండొచ్చు. అల్యూమినియం హబ్‌ను బలవంతంగా లాగితే దాని పళ్ళు గీసుకుపోతాయి. ఆ హబ్ ఏదో ఒక రోజు షాఫ్టు మీద జారుతుంది. అది స్టీరింగ్ తెగిపోవడంతో సమానం.

హబ్ వెనకనున్న పిన్ను లేదా నాలుక ఇండికేటర్ క్యామ్ గాడిలో పడాలి. క్యామ్‌కు కొంచెం లిథియం గ్రీజు రాయండి, హారన్ కాంటాక్టు తగిలే రాగి వలయానికి మాత్రం అంటనివ్వకండి. హబ్ పూర్తిగా దిగాక దాని అంచుకూ కాలమ్ గిన్నెకూ మధ్య ఒకటిన్నర నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. చుట్టూ తిప్పుతూ సన్నని అట్టముక్క దూర్చి చూడండి. సందు లేకపోతే తిరిగేటప్పుడు కీచుమంటుంది. మరీ ఎక్కువుంటే హబ్ పూర్తిగా కూర్చోలేదని అర్థం, లేదా క్యామ్ గాడిలో పడలేదు.

నట్టు కొత్తది వేయండి. నట్టు బిగిశాక షాఫ్టు మర కనీసం రెండు చుట్లు బయటికి కనిపించాలి. హబ్ మందంగా ఉండి మర నట్టులోనే ఆగిపోతే ఆ హబ్ మీ కాలమ్‌కు కాదు. మరకు నీలం జిగురు రెండు చుక్కలు వేసి టార్క్ రెంచ్‌తో బిగించండి. చాలా జీఎం కాలమ్‌లకు 30–35 పౌండ్ అడుగులు, అంటే 41–47 న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. గాలి గన్నుతో బిగించకండి.

తర్వాత వీల్‌ను హబ్ మీద పెట్టి, చువ్వలు సమంగా కనిపించేలా తిప్పి, బోల్టులన్నీ ముందు వేళ్ళతో ఎక్కించండి. ఒకటి బిగించి దాని ఎదురుగా ఉన్నది బిగిస్తూ, మూడు విడతల్లో పూర్తి చేయండి. ఈ బోల్టులు చిన్నవి, ఎక్కువగా 5 మిల్లీమీటర్లవే. పొడవైన హ్యాండిల్ వాడితే అల్యూమినియంలో మర ఊడుతుంది. పొట్టి అల్లెన్ కీని పిడికిట్లో పట్టుకుని మణికట్టు బలంతో బిగిస్తే సరిపోతుంది. అంతా అయ్యాక అంచు దగ్గర ఒక పెన్సిల్ నిలిపి పట్టుకుని వీల్ తిప్పండి. అంచు ముందుకూ వెనక్కూ 3 మిల్లీమీటర్లకు మించి ఊగితే బోల్టులు తీసి హబ్ ముఖం మీద బుర్రు (పైకి లేచిన లోహపు ముల్లు), మట్టి ఏమైనా ఉందేమో చూడండి. సాధారణంగా అదే కారణం.

హారన్

ఈ పనిలో సగం ఇబ్బందులు హారన్ దగ్గరే వస్తాయి. విషయం అర్థమైతే పది నిమిషాల పని. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) ఉన్న ట్రక్కుల్లో రిలే నుంచి ఒకే తీగ కాలమ్ పైకి వస్తుంది. బటన్ నొక్కితే ఆ తీగ బండి ఇనుముకు, అంటే ఎర్త్‌కు తగులుతుంది, రిలే పనిచేసి హారన్ మోగుతుంది. బటన్ చేసే పనంతా ఎర్త్ ఇవ్వడమే.

జీఎం కాలమ్‌లలో ఆ తీగ క్యామ్‌లోని చిన్న ప్లాస్టిక్ గొట్టం దాకా వస్తుంది. హబ్ కిట్టులో ఇచ్చిన స్ప్రింగు పిన్నును ఆ గొట్టంలో నొక్కి పావు మలుపు తిప్పితే లాక్ అవుతుంది. దాని తీగ హబ్ లోంచి బటన్ వెనకకు వస్తుంది. బటన్‌కు ఒకే కొస ఉంటే తీగ అక్కడ తగిలించాలి, బటన్ ఒళ్ళు హబ్ ద్వారా ఎర్త్ తీసుకుంటుంది. రెండు కొసలుంటే రెండోదాన్ని హబ్ మర కింద వలయంతో బిగించాలి.

మోగకపోతే ముందు ఆ తీగను నేరుగా ఇనుముకు తగిలించండి. మోగిందంటే రిలే, తీగ బాగున్నాయి, లోపం బటన్ ఎర్త్‌లో ఉంది. రెండు చోట్ల వెతకండి. ఒకటి హబ్ ముఖం. నల్లగానో రంగుగానో ఆనొడైజ్ చేసిన అల్యూమినియం పైపొర కరెంటును పోనివ్వదు. బటన్ తగిలే చోట, ఒక మర కింద ఆ పొరను గోటి వెడల్పున గీకి మెరిసే లోహం బయటపడేలా చేయాలి. రెండోది షాఫ్టు ఎర్త్. కాలమ్ కింది కొస రబ్బరు కప్లింగ్ ద్వారా బాక్సుకు కలిసే బండ్లలో షాఫ్టు కరెంటుకు విడిపడి ఉండొచ్చు. మల్టీమీటర్ ఒక కొస షాఫ్టు నట్టు మీద, మరొకటి బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద పెట్టి వీల్ తిప్పుతూ చూడండి. ఒక ఓమ్ లోపే ఉండాలి, తిరిగేటప్పుడు ఎగరకూడదు. ఎగిరితే కప్లింగ్ రెండు పక్కలనూ కలుపుతూ జడలా అల్లిన మెత్తని ఎర్త్ తీగ వేయండి.

బ్యాటరీ కలపగానే హారన్ ఆగకుండా మోగితే, తీగ ఎక్కడో హబ్ ఇనుముకు నలిగి తగులుతోంది. వీల్ బోల్టు కింద తీగ ఇరుక్కోవడం మామూలే. వీల్ ఒక స్థితిలోనే మోగితే క్యామ్ రాగి వలయం అరిగింది లేదా పిన్ను పక్కకు వాలింది.

రిలే లేని ట్రక్కులు కూడా ఉన్నాయి. వాటిలో హారన్ కరెంటంతా బటన్ గుండానే పోతుంది. కొత్త వీల్‌ల బటన్లలో కాంటాక్టులు చిన్నవి, ఆ కరెంటుకు కాలిపోతాయి. మామూలు నాలుగు పిన్నుల రిలే ఒకటి కలపండి (అంకెలు రిలే పిన్నుల నంబర్లు): 30కి ఫ్యూజు గుండా బ్యాటరీ పాజిటివ్, 87 నుంచి హారన్, 86కు పాజిటివ్, 85 నుంచి బటన్ తీగ. హారన్ ఒంటికి బండి ఎర్త్ ఉండాలి. 1950ల మధ్య దాకా చాలా అమెరికా ట్రక్కులు 6 వోల్టులవి. మీది అలాంటిదైతే రిలే కూడా 6 వోల్టులదే కొనండి.

రోడ్డెక్కే ముందు

ముందు టైర్లు గాల్లోనే ఉంచి ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా రాపిడి, పట్టు, కీచుశబ్దం ఉందేమో చేత్తో, చెవితో గమనించండి. ప్రతి పావు మలుపుకూ హారన్ నొక్కండి. ఎడమ ఇండికేటర్ వేసి, ఎడమకు తిప్పి, వెనక్కి తెండి, ఆగాలి. కుడికి కూడా అలాగే. గేరు మీట అన్ని స్థానాల్లో పెట్టి వేళ్ళకు చోటుందో లేదో మళ్ళీ చూడండి. తాళం ఉంటే వేసి తీసి చూడండి.

తర్వాత బండి దింపి ఖాళీ స్థలంలో నడక వేగంతో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి. నేరుగా వెళ్తుంటే వీల్ చువ్వలు సమంగా ఉండాలి, మలుపు తర్వాత వీల్ తనంతట తాను వెనక్కి రావాలి. రాకపోతే కారణం కింద ముందు భాగంలో ఉంది. దాన్ని చూడకుండా వేగం పెంచకండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత హారన్ బటన్ తీసి నట్టు మీద టార్క్ రెంచ్ మళ్ళీ పెట్టండి, వీల్ బోల్టులు కూడా ఒకసారి చూడండి. నట్టు కదిలిందంటే హబ్ ఇప్పుడే పూర్తిగా కూర్చుంది. జిగురు పట్టు అప్పటికే తెగిపోయి ఉంటుంది కాబట్టి నట్టు తీసి మర శుభ్రం చేసి, కొత్త జిగురుతో బిగించి, ఇంకో వంద కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూడండి. రెండోసారి కూడా కదిలితే బండి ఆపి పళ్ళు పరీక్షించాలి.

పాత వీల్‌ను, దాని హారన్ భాగాలను, మీరు తీసిన ఫోటోలను ఒకే పెట్టెలో పెట్టి, షాఫ్టు పళ్ళ లెక్క, నట్టు మర, మీరు వేసిన హబ్ పార్టు నంబరు ఒక చీటీ మీద రాసి అందులోనే ఉంచండి. మళ్ళీ వీల్ మార్చాలన్నా, బండి చేతులు మారినా ఆ చీటీ పనికొస్తుంది.